అనుమానం వస్తే మైకు ఆపకండి

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం జరిపిన ఉగాది వేడుకలో ఆ సాయంత్రం ఏం జరిగిందో హాల్లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. రానివాళ్ళకి వాట్సాప్ గ్రూపుల్లో తెలిసింది, అదీ ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పగా. మన తెలుగు బడిలోనే అక్షరాలు దిద్దుకుని ఇప్పుడు కాలేజీలో చదువుతున్న ఒక అమ్మాయి యువతరం కార్యక్రమంలో కాగితం చూడకుండా తెలుగులో మాట్లాడింది. యూనివర్సిటీ దగ్గర అపార్ట్‌మెంట్ కోసం రూమ్మేట్లని వెతుక్కుంటుంటే, ఫోన్లో ఒకావిడ "మీరేమిట్లు?" అని అడిగిందట, అంటే ఏ కులం అని. ఆ పిల్లకి అర్థం కాక వాళ్ళమ్మని అడిగింది. అమ్మ మాట మార్చేసింది. "అమ్మ ఎందుకు మాట మార్చిందో నాకు తర్వాత తెలిసింది" అని ఆ అమ్మాయి ఇంకా చెబుతుండగానే కమిటీ సభ్యులొకరు స్టేజీ ఎక్కి మైకు అందుకున్నారు. "చాలా బాగా చెప్పావమ్మా, టైమ్ అయిపోయింది, భోజనాలు రెడీగా ఉన్నాయి" అన్నారు.

టైమ్ అయిపోలేదు. ఆమెకిచ్చిన పది నిమిషాల్లో సగం కూడా గడవలేదు. అంతకుముందు ముఖ్య అతిథి తన సమయం దాటి చాలాసేపు మాట్లాడినప్పుడు స్టేజీ మీదికి ఎవరూ వెళ్ళలేదు. ఆ అమ్మాయి ఎదురు చెప్పకుండా మైకు ఇచ్చేసి, అందరికీ నమస్కారం పెట్టి మెట్లు దిగింది. మూడో వరసలో కూర్చుని అది చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోయింది.

నేను గుంటూరులో లా చదివాను. ఇక్కడ నా ఉద్యోగం కాంట్రాక్టులు చూడటం, కోర్టు గడప తొక్కే పని కాదు. కానీ ఉగాది నుంచీ నాకు పదేపదే గుర్తొస్తున్న పేరు ఫ్రెడరిక్ షావర్. మన వర్జీనియాలోనే, షార్లట్స్‌విల్‌లోని వర్జీనియా యూనివర్సిటీలో 2008 నుంచి లా పాఠాలు చెప్పిన ప్రొఫెసర్. 2024లో కన్నుమూశారు. ఆయన గురించి మన పత్రికలో ఒక్క వాక్యం కూడా రాలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

హార్వర్డ్‌లో లా చదివి, కొన్నాళ్ళు బోస్టన్‌లో ప్రాక్టీసు చేసి, 1970ల్లో ఆయన టీచింగ్‌లోకి వచ్చారు. మొదట రాసింది అశ్లీల సాహిత్యం మీద చట్టం ఏం చెబుతుందో వివరించే పుస్తకం. 1982లో వాక్ స్వాతంత్ర్యం వెనక ఉన్న తత్వం మీద రాసిన పుస్తకంతో పేరొచ్చింది. 1990 నుంచి 2008 దాకా హార్వర్డ్ కెనెడీ స్కూల్లో ఉన్నారు. ఆయన అడిగిన ప్రశ్న చూడటానికి తేలిగ్గా ఉంటుంది: మిగతా స్వేచ్ఛలకి లేని ప్రత్యేక రక్షణ మాటకే ఎందుకు? మాటా గాయం చేస్తుంది, నష్టం తెస్తుంది, అది ఆయన కాదనలేదు. ఆయన ఇచ్చిన జవాబుల్లో గట్టిది ఒకటుంది. ఏ మాట మంచిది, ఏది చెడ్డది అని తేల్చే పనిలో ప్రభుత్వాలు పదేపదే తప్పు చేశాయి, ఆ పని వాళ్ళకి అప్పజెప్పడానికి లేదు అన్నారు. మాట గొప్పదని కాదు, తూచేవాడి త్రాసు మీద నమ్మకం లేదని.

1978లో ఆయన రాసిన ఒక వ్యాసాన్ని నేను ఇప్పటికీ తీసి చదువుతుంటాను. చిల్లింగ్ ఎఫెక్ట్ (శిక్ష భయంతో జనం ముందే నోరు మూసుకోవడం) అని లాయర్లు ఊరికే వాడేసే మాటని ఆయన అక్కడ విప్పి చూపించారు. జడ్జీలు పొరపాటు పడతారు, జ్యూరీలూ పడతాయి. శిక్షించాల్సిన మాటని వదిలేయడం ఒక పొరపాటు. వదిలేయాల్సిన మాటని శిక్షించడం ఇంకో పొరపాటు. ఈ రెండూ సమానం కావు. రెండోది జరిగితే నోరు మూతపడేది ఆ ఒక్క మనిషికే కాదు, చూస్తున్నవాళ్ళంతా ముందే జాగ్రత్తపడి మానేస్తారు. అందుకని రూలు రాసేటప్పుడే మొగ్గు మాట వైపు ఉండాలి. 1964లో సలివన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చేసింది ఇదే. మార్టిన్ లూథర్ కింగ్‌ని ఏడుసార్లు అరెస్టు చేశారని న్యూయార్క్ టైమ్స్‌లో ఒక ప్రకటన వచ్చింది. నిజానికి నాలుగుసార్లే. ఇంకొన్ని చిన్న తప్పులు కూడా ఉన్నాయి. దాంతో తన పరువు పోయిందని సలివన్ అనే అలబామా అధికారి దావా వేస్తే, అక్కడి జ్యూరీ 5 లక్షల డాలర్ల పరిహారం వేసింది, సుప్రీంకోర్టు మొత్తం కొట్టేసింది.

ఇది పెద్ద కోర్టుల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ళకి ఉగాది అయిన వారంలో నాకొచ్చిన ఫోన్ సంగతి చెప్పాలి. దీపావళికి పిల్లల స్కిట్ నేనే చూస్తున్నాను. ఒక బాబు వాళ్ళమ్మ ఫోన్ చేసింది. "అక్కా, మావాడి స్కిట్‌లో కట్నం సీను ఉంది కదా, తీసేద్దామా? ఎవరైనా ఏమైనా అనుకుంటారేమో" అంది. ఎవరైనా తీసేయమన్నారా అని అడిగితే లేదంది. కమిటీ వాళ్ళు ఫోన్ చేయలేదు, మెసేజ్ పెట్టలేదు. ఆ సాయంత్రం ఆవిడ హాల్లో కూర్చుని చూసింది, అంతే. ఆ సీను వాడు సొంతంగా రాసుకున్నాడు. పెళ్ళికొడుకు తండ్రి ఎక్సెల్ షీట్ తెరిచి లెక్కలు చెబుతుంటాడు. బాగా రాశాడు.

షావర్ అమెరికా పద్ధతిని నెత్తిన పెట్టుకుని ఊరేగినవారు కాదు. ప్రపంచంలో ఈ దేశమే వేరు దారిలో ఉందని, దానికి కారణాలు ఇక్కడి చరిత్రలో, ప్రభుత్వం మీద ఇక్కడి జనానికి ఉన్న అపనమ్మకంలో ఉన్నాయని 2005లో ఒక వ్యాసంలో వివరించారు. 1977లో ఇల్లినాయ్‌లోని స్కోకీలో నాజీలు ఊరేగింపు చేస్తామన్నారు. యూదుల మారణకాండ నుంచి బతికి బయటపడ్డవాళ్ళు ఎందరో ఉన్న ఊరది. అయినా ఆపడానికి వీల్లేదని కోర్టులు తేల్చాయి. జర్మనీలో అదే జెండా పట్టుకుంటే నేరం. కెనడాలో క్లాసులో యూదుల మీద విషం నూరిపోసిన కీగ్‌స్ట్రా అనే టీచర్ కేసులో, ద్వేష ప్రచారాన్ని నేరంగా చూసే చట్టం చెల్లుతుందని 1990లో అక్కడి సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో చెప్పింది.

మన దేశం సంగతి నాకు ఇంకా దగ్గరిది. 1950లో మద్రాసు ప్రభుత్వం క్రాస్ రోడ్స్ అనే పత్రికని తన రాష్ట్రంలోకి రానివ్వకుండా నిషేధించింది. అప్పటికి మా గుంటూరు కూడా ఆ రాష్ట్రంలోదే. సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. మరుసటి ఏడాదే పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి మాట మీద ఆంక్షల పరిధి పెంచింది. ఇక్కడ అమెరికా రాజ్యాంగానికి చేసిన మొదటి సవరణ మాటని కాపాడటానికి, అక్కడి మొదటి సవరణ దాన్ని కుదించడానికి. అయినా అక్కడా వెలుగు ఉంది. చిరాకు కలిగించే మెసేజ్ పెట్టినా జైలే అన్న ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని 2015లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. తీర్పు రాసింది జస్టిస్ నారిమన్, బెంచిలో రెండోవారు కృష్ణా జిల్లా బిడ్డ జస్టిస్ జాస్తి చలమేశ్వర్. రెండు దేశాల రాజ్యాంగాలకీ తేడా ఎక్కడుందో, చిల్లింగ్ ఎఫెక్ట్ అంటే ఏమిటో ఆ తీర్పులో ఉన్నాయి.

కమిటీ మాటా వినాలి. మనది ప్రైవేటు సంఘం. మొదటి సవరణ ప్రభుత్వాన్ని కట్టేస్తుంది తప్ప మనల్ని కాదు. ఎవరిని పిలవాలో, ఎవరిని వద్దనాలో నిర్ణయించే హక్కు చట్టప్రకారం కమిటీదే. హాలు అద్దె, స్పాన్సర్లు, అలిగి వెళ్ళిపోయే కుటుంబాలు, ఆ టెన్షన్ అంతా పడేది వాళ్ళే. జీతం లేకుండా రాత్రుళ్ళు మేలుకుని పనిచేస్తారు. ఆరోజు మైకు తీసుకున్నాయన చెడ్డవారు కారు, మా ఇంట్లో ఎవరికి బాగా లేకపోయినా ముందు వచ్చేది ఆయనే. ఆయనకి భయం వేసింది. ఆ భయాన్ని ఒక్క మనిషి మీద వదిలేయకుండా కాపాడేది ముందే రాసుకున్న నియమం. మనకి అది లేదు.

"మన సంస్కారం ఇది కాదు, పెద్దల ముందు ఇలా మాట్లాడరు" అని గ్రూపులో చాలామంది రాశారు. తెనాలి దగ్గర మా తాతయ్య ఇంటి వీధి అరుగు మీద సాయంత్రమయితే కమ్యూనిస్టులూ కాంగ్రెసువాళ్ళూ గొంతులు చించుకునేవారు. మాటా మాటా పెరిగి తువ్వాలు దులుపుకుని లేచిపోయేవారు, తెల్లారితే మళ్ళీ అక్కడే మజ్జిగ తాగేవారు. ఆ అరుగు నాకు ప్రాణం. కానీ నేను దాన్ని తలుపు వెనక నిలబడి విన్నాను. మా అమ్మమ్మ, అమ్మ, నేను ఎవరమూ ఆ అరుగు మీద కూర్చోలేదు. పేట నుంచి వచ్చిన పాలేళ్ళు మెట్ల కింద నిలబడి, అడిగితే జవాబు చెప్పేవారు. మన సంస్కారంలో వాదన ఉంది. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసేవారికి కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టే జాతి మనది. ఎవరికి కుర్చీ వేశాం అన్నదే ఇప్పటికీ మనం మాట్లాడుకోని సంగతి. ఆ అమ్మాయి మాట్లాడబోయింది దాని గురించే.

అధ్యక్షులవారికీ, కార్యవర్గానికీ చేతులు జోడించి అడుగుతున్నాను. దీపావళికి ఆ అమ్మాయిని పిలవండి, మొత్తం సమయం ఇవ్వండి. ఆమె మాటతో విభేదించేవారికి అదే స్టేజీ మీద అంతే సమయం ఇవ్వండి. టైమ్ రూలు పెట్టండి, కానీ ముఖ్య అతిథికీ కాలేజీ పిల్లకీ ఒకటే బెల్లు మోగాలి. ఫలానా మనిషిని పేరు పెట్టి దూషిస్తేనో, ఎవరినైనా కొట్టమని ఉసిగొలిపితేనో తప్ప మధ్యలో మైకు ఆపకూడదు. ఆపినవారు కారణం రాసి, సంతకం పెట్టి వారంలోగా సభ్యులకి పంపాలి. ఆపాలా వద్దా అని అనుమానం వస్తే ఆపకండి.

ఈ నాలుగు మాటలూ బైలాస్‌లో చేరాలంటే వచ్చే జనరల్ బాడీలో ఓటు పడాలి, దానికి ముందు జీవిత సభ్యుల సంతకాలు కావాలి. ముసాయిదా తయారుగా ఉంది. శనివారాలు తెలుగు బడి వదిలే వేళకి లైబ్రరీ హాలు ముందు బల్ల దగ్గర ఉంటాను. ఒప్పుకోనివారు కూడా వచ్చి ఎందుకు ఒప్పుకోరో చెప్పండి, అవసరమైతే మార్చి రాద్దాం.