మహాబలిపురం లైట్‌హౌస్ పల్లవులు కట్టింది కాదు

సెలవులకు చెన్నై వైపు పోయేవాళ్ల కోసమని నల్గొండ, పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం: "మహాబలిపురం లైట్‌హౌస్ పల్లవులు కట్టింది, 1300 ఏళ్ల నాటిది. జీపీఎస్ వచ్చి మూలపడితే సందుల్లో సిమెంటు పూసి టూరిస్టులకు తెరిచారు. మన దేవరకొండ ఖిల్లాకూ అట్లనే పూస్తే చాలు. దీని వెలుగు శ్రీలంక దాకా కనిపిస్తుంది. చీకటి పడ్డాక ఎక్కండి, బల్బు గిరగిరా తిరగడం చూడొచ్చు." ఇందులో నిలబడే మాట ఒక్కటే, టూరిస్టులకు తెరిచారన్నది.

పల్లవులు కట్టింది లైట్‌హౌస్‌ను కాదు, దాని పక్కనున్న ఒలక్కణ్ణేశ్వర ఆలయాన్ని. మహిషాసురమర్దిని గుహకు సరిగ్గా పైన ఉంటుంది. అది శివాలయం, శిఖరం మిగల్లేదు. బ్రిటిష్ వాళ్లు 1887లో ఆ గుడి కప్పు మీదే దీపం పెట్టారు. గందరగోళం పుట్టింది అక్కడే. ఇప్పుడు మనం ఎక్కే 26 మీటర్ల గుండ్రటి రాతి టవర్ పూర్తిగా పనిలోకి వచ్చింది 1904లో. రెండూ రాతివే, ఒకే గుట్ట మీద ఉన్నాయి కాబట్టి ఫొటోలో ఒకే కాలానివి అనిపిస్తాయి.

మూలపడలేదు. ఇప్పటికీ రాత్రిపూట వెలుగుతుంది.

ఇక సిమెంటు. సిమెంటు ఫ్యాక్టరీలున్న నల్గొండ జిల్లాలో ఉండి ఈ మాట అంటే నవ్వొచ్చు గానీ, పాత రాతికట్టడానికి సిమెంటంత చెరుపు ఇంకోటి లేదు. సున్నపు సందు మెత్తన. గోడలోని తేమ ఆ సందుల గుండా బయటికొస్తుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి తేమ తనలో కరిగిన ఉప్పుతో సహా రాతిలోంచే రావాలి. నీరు ఆరిపోతుంది, ఉప్పు రాతి లోపల గడ్డకట్టి పొరలు పొరలుగా ఊడదీస్తుంది. దేవరకొండలో సముద్రపు గాలి లేకపోవచ్చు. వానకు గోడ తాగే నీళ్లు ఉన్నాయి, సిమెంటులోనే లవణాలూ ఉన్నాయి.

సరైన పని నిదానంగా సాగుతుంది. పాత సిమెంటును మిషన్‌తో కాకుండా ఉలితో తీయాలి. సందు వెడల్పు ఎంతో దానికి రెట్టింపు లోతు దాకా శుభ్రం చేయాలి. కాగితపు గుజ్జును మంచినీళ్లలో తడిపి రాతికి పట్టించి, ఆరాక తీసేస్తే ఉప్పు దాంతోపాటు వస్తుంది. ఒక్కసారితో పోదు, మళ్లీ మళ్లీ చేయాలి. ఆ తర్వాత ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక కలిపి నూరిన డంగు సున్నం నింపాలి. సముద్రపు ఇసుక వాడితే తీసిన ఉప్పును చేతులారా మళ్లీ లోపల పెట్టినట్టే. నింపాక తడి గోనె సంచులు కప్పి ఉంచాలి. ఎండకు ఒక్కసారిగా ఆరితే సున్నం గట్టిపడదు, గోకితే పొడిపొడిగా రాలుతుంది. రెయిలింగు కోసం రాతిలో దింపిన ఇనుప కడ్డీలనూ వదలొద్దు. తుప్పు ఇనుముకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుని రాతిని పగలగొడుతుంది.

శ్రీలంక సంగతికి లెక్క చాలు. దీపం ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.86తో గుణిస్తే అది కనిపించే దూరం కిలోమీటర్లలో వస్తుంది. గుట్ట, టవర్ కలిపి 50 మీటర్లనుకున్నా 27 కిలోమీటర్లు. చూసేవాడు ఓడ మీద 9 మీటర్ల ఎత్తులో ఉంటే ఇంకో 12 కలుస్తాయి. శ్రీలంక ఉత్తర కొస 300 కిలోమీటర్ల పైనే ఉంది. అక్కడి ఒడ్డున నిలబడ్డవాడికి కనిపించాలంటే దీపాన్ని ఆరు కిలోమీటర్ల ఎత్తున పెట్టాలి. నల్గొండలోని లతీఫ్ సాహెబ్ గుట్ట లాంటివాటిని ఎన్నింటిని ఒకదాని మీద ఒకటి పేర్చాలో మెసేజ్ రాసినవాళ్లే చెప్పాలి.

చీకటి పడ్డాక ఎక్కనివ్వరు, సందర్శన పగటిపూటే. పైగా తిరిగే రకం లైట్‌హౌస్‌లలో సాధారణంగా తిరిగేది బల్బు కాదు, దాని చుట్టూ ఉన్న అద్దాల చట్రం. పగలు దీపపు గదికి తెరలు వేసి ఉంటే లాగొద్దు. ఎండ ఆ అద్దాల గుండా ఒకచోట పడితే లోపలి సామాను కాలుతుంది.

లోపల మెట్లు ఇరుకు, ఎదురుగా మనిషొస్తే ఒకరు ఆగాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే వాళ్లను చెన్నై మెరీనాలో ఉన్న 1977 నాటి లైట్‌హౌస్‌కు తీసుకెళ్లండి. దానికి లిఫ్టు ఉంది.