ఎంతమందిని చూశారు, ఎవరితో పోల్చారు?

ఒడిశా గంజాం జిల్లాలో చికిటి దగ్గర ఊళ్లో మా పెద్దమ్మ ఉంటుంది. పదేళ్లుగా బీపీ. పోయినేడు వానాకాలంలో ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది. మూడు నెలల తర్వాత కాళ్లు ఉబ్బి, ఆయాసం మొదలైతే బరంపురం తీసుకెళ్లాం. పై బీపీ రెండొందలు దాటి ఉంది. ఎందుకు మానేశావని అడిగితే ఫోన్ తీసి చూపించింది. "బీపీ మాత్రలతో కిడ్నీలకు ముప్పు, తాజా అధ్యయనం" అని ఎవరో పంపిన పేపరు ముక్క. "పేపర్లో పడ్డాది కదరా, లేనిది రాస్తారేటి?" అంది.

ఆవిడ భయాన్ని నేను తప్పుపట్టను. ఆవిడ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి. ఇద్దరు తమ్ముళ్లను కిడ్నీ జబ్బే తీసుకుపోయింది. కారణం తేలని కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లనే పట్టిన ఉద్దానంలో పుట్టినవాళ్లకు కిడ్నీ అన్న మాట వింటేనే గుండె జారిపోతుంది. నేను తప్పుపట్టేది ఆ ముక్కను రాసిన తీరును.

కొన్ని రకాల బీపీ మాత్రలు మొదలుపెట్టిన తొలి వారాల్లో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి చూసే పదార్థం) కొంచెం పెరగొచ్చు. డాక్టర్లకు బాగా తెలిసిన సంగతే, అందుకే కొద్ది వారాలకు మళ్లీ పరీక్ష చేయించమంటారు. పెరుగుదల 30 శాతం లోపే ఉంటే మామూలుగా మాత్ర ఆపరు. మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్లకు ఏళ్ల తరబడి కిడ్నీని కాపాడేది ఆ మాత్రలే. పెద్దమ్మ ఫోన్‌లోని ముక్కలో క్రియాటినిన్ పెరుగుతుందని ఉంది. ఏ మాత్ర, ఎలాంటి రోగులు, ఎంత పెరిగింది, మాత్ర వేసుకోనివాళ్లకు ఏమైంది అన్నవి ఒక్కటీ లేవు.

సరిహద్దుకు ఇటు గంజాం వైపు, అటు ఇచ్ఛాపురం వైపు ఇలాంటి వార్తలకు మేం అలవాటుపడిపోయాం. ఉద్దానం జబ్బుకు నీళ్లలో సిలికా కారణమన్నారు. పురుగుమందులన్నారు. లోహాలన్నారు. నొప్పి మాత్రలన్నారు. ఎండలో చెమటోడ్చి, తాగడానికి నీళ్లు చాలక అన్నారు. జన్యువులన్నారు. ఈ అనుమానాలను శాస్త్రవేత్తలు నిజంగానే పరిశీలిస్తున్నారు, తప్పులేదు. కానీ పరిశోధకులు "సంబంధం ఉండొచ్చు, ఇంకా చూడాలి" అని రాసుకున్నది హెడ్డింగ్‌కు వచ్చేసరికి "కారణం తేలింది" అయిపోతుంది. ఇన్నిసార్లు తేలిన కారణం ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం కూడా తెరిచారంటే, ఆ వెతుకులాట అవసరం తీరలేదనే అర్థం.

రోగుల లెక్కల సంగతీ అంతే. కిడ్నీ దీర్ఘవ్యాధి అనాలంటే పరీక్షల్లో కనిపించిన తేడా కనీసం మూడు నెలలు కొనసాగాలి. ఊళ్లో ఒక్కరోజు క్యాంపు పెట్టి, ఒక్కసారి రక్తం తీసి లెక్క కడితే, ఆ రోజు నీళ్లు తక్కువ తాగి ఎండలో పనిచేసి వచ్చినవాడూ రోగుల జాబితాలో చేరిపోవచ్చు. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తే సంఖ్య మారుతుంది. రక్తం ఎన్నిసార్లు తీశారో వార్తలో ఒక్క ముక్క రాస్తే చదివేవాడికి ఎంత తేడా తెలుస్తుందో!

ఇదే రకం జబ్బుతో బాధపడుతున్న శ్రీలంకలో ఏమైందో చూడండి. గ్లైఫోసేట్ అనే కలుపుమందు, లవణాలు ఎక్కువున్న కఠినమైన నీరు, లోహాలు కలిసి కిడ్నీలను పాడుచేస్తున్నాయేమో అని 2014లో ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. అది ఊహను ముందుపెట్టిన వ్యాసం, రుజువు కాదు. 2015లో అక్కడి ప్రభుత్వం ఆ మందును దేశమంతటా నిషేధించింది. 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలించింది. కలుపుమందు మంచిదని నేను అనడం లేదు. జాగ్రత్తపడటం వేరు, కారణం దొరికిందని జనాన్ని నమ్మించడం వేరు.

మన దేశంలో 2024 మే నెలలో వచ్చిన కోవాగ్జిన్ వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం పరిశోధకులు టీకా వేసుకున్న 926 మందిని ఏడాది పాటు గమనించారు, దాదాపు మూడోవంతు మందికి ఆరోగ్య సమస్యలొచ్చాయి అన్నది వార్త. టీవీల్లో ఒకటే గోల, ఇళ్లల్లో టెన్షన్. టీకా వేసుకోనివాళ్లు ఆ అధ్యయనంలో లేరు. పోల్చడానికి ఇంకో గుంపు లేనప్పుడు, ఆ జలుబూ ఆ నొప్పీ టీకా వల్ల వచ్చాయో, మామూలుగా వచ్చేవో ఎలా చెప్తాం? భారత వైద్య పరిశోధన మండలి ఇదే అభ్యంతరం చెప్పింది. సెప్టెంబరులో ఆ అధ్యయనాన్ని అచ్చేసిన జర్నలే దాన్ని వెనక్కి తీసుకుంది. భయం మొదటి పేజీలో వచ్చింది. వెనక్కి తీసుకున్న సంగతి మా వీధిలో ఎవరికీ తెలియదు.

అయితే ఇవన్నీ చెప్పి "ఈ పరిశోధనలన్నీ ఉత్తవే" అనేవాళ్లతో నాకు ఇంకా పెద్ద పేచీ ఉంది. మన నేల మీదే జరిగిన ఒక పని చెప్తాను. మా అమ్మమ్మ తరం ఆడవాళ్లు చుట్టను నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. గాలికి ఆరదని, నోట్లో చుట్ట ఉండగానే పని చేసుకోవచ్చని కారణాలు చెప్పేవారు. ఆ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం గురించి 1940ల నుంచే డాక్టర్లు రాస్తూ వచ్చారు. తర్వాత పరిశోధకులు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు తెరిపించి చూశారు. 1971లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఒకే ఊరు, ఒకే తిండి, ఒకే నీళ్లు. అందులో అడ్డపొగ తాగేవాళ్ల అంగిలిని, తాగనివాళ్ల అంగిలిని పక్కపక్కన పెట్టి చూశారు. అంతటితో ఆపలేదు. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్లకు ఏళ్ల తరబడి నచ్చజెప్పి మాన్పించే ప్రయత్నం చేశారు. ముందటి కాలపు లెక్కలతో పోలిస్తే నోట్లో క్యాన్సర్‌కు దారితీయగల తెల్లమచ్చలు కొత్తగా రావడం తగ్గింది. అలవాటు మానితే ముప్పు తగ్గుతుందని అలా తెలిసింది.

ఇలాంటి పరిశోధన నమ్మదగ్గది. వేలమందిని చూశారు, పోల్చారు, ఏళ్లు వెచ్చించారు, మళ్లీ మళ్లీ చేశారు. కానీ దీనికి "తాజా" అన్న మాట తగిలించలేం, అందుకని వార్త కాలేదు. గంజాం ఊళ్లలో ఈనాటికీ పొద్దున్నే పళ్లకు గుడాకు రుద్దుకునే ఆడవాళ్లున్నారు. అందులో ఉన్నదీ పొగాకే. వాళ్ల ఫోన్లకు మాత్రం బీపీ మాత్రల ముప్పు గురించి వస్తుంది.

ఇక్కడ మాకు ఇంకో చిక్కుంది. ఆసుపత్రిలో ఆశా దీదీ ఇచ్చే కాగితం ఒడియాలో ఉంటుంది. పెద్దమ్మ ఒడియా చక్కగా మాట్లాడుతుంది, చదవలేదు. డాక్టరుకు తెలుగు రాదు. ఓపీలో రెండు నిమిషాలు మాట్లాడేసరికి వెనక లైను తోస్తుంది. జబ్బు గురించి ఆవిడ సొంత భాషలో, తీరిగ్గా, ఎన్నిసార్లయినా చదువుకునేలా దొరికేది ఆ ఫోన్‌లో వచ్చే తెలుగు ముక్క ఒక్కటే. శ్రీకాకుళంలోనో విశాఖలోనో కూర్చుని హెడ్డింగ్ పెట్టేవాళ్లు తమ రాత గిరిసోల చెక్‌పోస్టు దాటి ఎవరి చేతిలో పడుతోందో ఆలోచించాలి. ప్రతి ఆరోగ్య వార్తలో ఎంతమందిని చూశారో, మనుషుల మీద చేశారో ఎలుకల మీద చేశారో, ఎవరితో పోల్చారో, నూటికి ఎంతమందికి తేడా వచ్చిందో రాయాలి. "మీ మాత్రలు డాక్టరును అడక్కుండా ఆపకండి" అన్న ఒక్క వాక్యానికి చోటు లేని పేపరు ఉండదు. ఒడిశా ప్రభుత్వం కూడా గంజాం, గజపతి, రాయగడ ఆసుపత్రుల్లో బీపీ, కిడ్నీ కాగితాలు తెలుగులో అచ్చువేయాలి. అదేమంత ఖర్చు కాదు.

పెద్దమ్మ ఇప్పుడు మాత్రలు వేసుకుంటోంది. ఏది వచ్చినా ముందు నాకు పంపుతోంది. పోయిన వారం నొప్పి మాత్రలు కిడ్నీకి చేటు అన్న ముక్క పంపింది. అది ఎన్నో ఏళ్లుగా రుజువవుతూ వచ్చిన విషయం. వెంటనే ఫోన్ చేశాను. మోకాళ్లకని మందుల షాపులో అడిగి తెచ్చుకుంటున్నవి ఇక వేసుకోకు, బరంపురం వెళ్లినప్పుడు డాక్టరుతో మాట్లాడదాం అన్నాను. "అయితే ఇది నిజమేనేటి?" అంది. నిజమే పెద్దమ్మా అన్నాను.