జోర్‌-ఎల్ చెడ్డవాడైతే సూపర్‌మ్యాన్‌కు పోయేదేముంది?

జేమ్స్ గన్ ‘సూపర్‌మ్యాన్’ 2025 జులై 11న వచ్చింది. ఎర్ర చెడ్డీ పైన వేసుకోవడం మీద వెక్కిరింతలు, ఇది వలసవచ్చినవాడి కథ అని దర్శకుడు అన్నందుకు అమెరికా చానెళ్లలో రాద్ధాంతం, మన సెన్సార్ బోర్డు 33 సెకన్ల ముద్దుసీన్లు కోసిందని ఇక్కడివాళ్ల చిరాకు... అన్నీ ఒకదాని వెనక ఒకటి చల్లారిపోయాయి. చల్లారనిది ఒక్కటే. పసిబిడ్డను భూమికి పంపుతూ కన్నతండ్రి జోర్‌-ఎల్, తల్లి పెట్టిన సందేశంలో సగం చెడిపోయి ఉంటుంది. విలన్ లెక్స్ లూథర్ మనుషులు ఆ రెండో సగాన్ని బయటికి తీస్తారు: అక్కడివాళ్లు బలహీనులు, వాళ్లను ఏలు, నీ వంశాన్ని పెంచు. ఇది లూథర్ కల్పించిన దొంగ వీడియో అయ్యుంటుందని అభిమానులు ఆశపడ్డారు. కాదు, నిజమైనదేనని గన్ తేల్చేశాడు. ‘కామిక్స్‌కు ద్రోహం’ అనే కేకలు అప్పటినుంచీ ఆగడం లేదు.

ఏ కామిక్స్‌కు? ముందు అది చెప్పాలి.

1938లో వచ్చిన ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక తెరిస్తే అతను పుట్టిన గ్రహానికి క్రిప్టాన్ అన్న పేరే కనిపించదు. జోర్‌-ఎల్ లేడు. అతణ్ని పెంచిన కెంట్ దంపతులూ లేరు. దారిన పోయే కారువాడికి దొరికిన పిల్లాడు అనాథాశ్రమంలో పెరుగుతాడు. పెద్దయ్యాక అతను ఎగరడు, గెంతుతాడు, అదీ మైలులో ఎనిమిదో వంతు. పనిచేసే పత్రిక ‘డైలీ ప్లానెట్’ కాదు, ‘డైలీ స్టార్’. పెళ్లాన్ని కొట్టేవాడికి బుద్ధి చెబుతాడు, సెనేటర్‌తో లాలూచీపడిన దళారీని చంకన పెట్టుకుని టెలిఫోన్ తీగల మీద పరిగెత్తి బెదరగొడతాడు. క్రిప్టాన్ పేరు 1939లో పత్రికల స్ట్రిప్‌తో వచ్చింది. గాల్లో ఎగరడాన్ని 1941 నాటి ఫ్లైషర్ కార్టూన్లు స్థిరపరిచాయి. అతణ్ని బలహీనపరిచే రాయి క్రిప్టోనైట్ 1943లో రేడియో నాటకం నుంచి ఊడిపడింది. గన్ సినిమాలో అందరూ ముద్దుచేసిన కుక్క క్రిప్టో 1955 దాకా పుట్టనే లేదు. అంటే ‘అసలు సూపర్‌మ్యాన్’ అని మనం గుండెలకు హత్తుకునే సరంజామాలో చాలాభాగం తర్వాత ఎవరో ఒకరు తెచ్చి తగిలించిందే.

జోర్‌-ఎల్ మహాత్ముడన్న అభిప్రాయం కూడా అంతే. అది ఎక్కువగా 1978 సినిమా పుణ్యం. తెల్లని బట్టల్లో మార్లన్ బ్రాండో, మానవులకు వెలుగు చూపమని ఏకైక కుమారుణ్ని పంపే తండ్రిగా, క్రైస్తవ ఛాయలతో నిలబడ్డాడు. ఆ రూపం జనం మనసులో అచ్చుపడిపోయింది. కామిక్స్ మాత్రం అక్కడ ఆగలేదు. 1986లో జాన్ బర్న్ ఆరు సంచికల్లో మూలకథను తిరగరాసినప్పుడు క్రిప్టాన్‌ను స్పర్శ అంటే రోత పడే చల్లని సమాజంగా మార్చాడు, క్లార్క్‌ను (భూమ్మీద సూపర్‌మ్యాన్ పేరు అదే) పూర్తిగా కెంట్ ఇంటి కొడుకును చేశాడు. ఇక టీవీకి వస్తే, ‘స్మాల్‌విల్’ సీరియల్‌లో 2003లో ప్రసారమైన ఒక ఎపిసోడ్‌లో క్లార్క్ తన తండ్రి సందేశాన్ని చదువుతాడు. అందులో ఉన్నది కూడా మానవులు లోపాలున్న జాతి, బలంతో వాళ్లను పాలించు అనే. పైగా అదే ఎపిసోడ్‌లో 1978 సినిమా సూపర్‌మ్యాన్ క్రిస్టఫర్ రీవ్ స్వయంగా కనిపించాడు! 2003లో రీవ్ సమక్షంలో చెల్లుబాటైన మలుపు ఇప్పుడు గన్ చేస్తే మహాపరాధం ఎలా అయింది?

అసలు ఈ మార్పు ఈ సినిమాకు దక్కిన అతి మంచి ఆలోచన. జోర్‌-ఎల్ మంచివాడైతే సూపర్‌మ్యాన్ మంచితనం రక్తంలోంచి వచ్చినట్టవుతుంది, తండ్రి అప్పగించిన పనిని కొడుకు నెరవేర్చినట్టవుతుంది. తండ్రి మాట జవదాటని కొడుకు కథలు మనకు కొత్త కాదు, వాటి గొప్పతనం వాటిది. ఇక్కడ పుత్రధర్మం తిరగబడింది. కన్నవాళ్ల ఆజ్ఞ దుర్మార్గమని తెలిశాక కొడుకు దాన్ని పక్కనపెట్టి, కాన్సాస్ రైతు ఇంట్లో నేర్చుకున్నదాన్ని ఎంచుకున్నాడు. మొదట్లో గాయపడి మంచుకోటకు చేరినప్పుడు రోబోలు క్రిప్టాన్ సందేశం వినిపించి అతణ్ని సాంత్వనపరుస్తాయి. చివర అదే చోట తెరమీదకు వచ్చేవి కెంట్ దంపతులతో గడిపిన చిన్ననాటి వీడియోలు. కథంతా ఆ ఒక్క మార్పిడిలో ఉంది. సందేశం దొంగదైతే ఆ ముగింపుకు అర్థమే లేదు, ఎంచుకోవడానికి రెండో దారే ఉండేది కాదు కదా.

ఎదుటివాళ్లలో ఒక వాదనకు మాత్రం బరువుంది. వలసవచ్చినవాణ్ని నాయకుణ్ని చేసి, అతని పుట్టింటివాళ్లు నిజంగానే ఆక్రమించుకోమని పంపారని చూపిస్తే, వచ్చినవాళ్లను అనుమానించే లూథర్ మాటకు బలం ఇచ్చినట్టు కాదా అని. నిజమే, దర్శకుడు తలకెత్తుకున్న ప్రమాదమే ఇది. కానీ సినిమా లూథర్ సమాచారాన్ని ఒప్పుకుంటూనే అతని తీర్పును కొట్టేస్తుంది. తండ్రి రాసిన ఉత్తరం చూసి కొడుకును దోషిగా నిలబెట్టడమే ఆ విలన్ చేసే పని. థియేటర్ బయట అరిచేవాళ్లు చేస్తున్నదీ దాదాపు అదే.

ఇంతకీ ప్రేక్షకుడు ఏమన్నాడు? హ్యాష్‌ట్యాగ్‌లను బట్టి చెప్పలేం. గన్‌కు ముందు సూపర్‌మ్యాన్ సినిమాలు తీసిన జాక్ స్నైడర్ ‘జస్టిస్ లీగ్’ కోసం అభిమానులు సాగించిన ఉద్యమం 2021లో నాలుగు గంటల సినిమాను సాధించింది. ఆ ఉద్యమం మీద ఆన్‌లైన్‌లో సాగిన సంభాషణలో కనీసం 13 శాతం ఖాతాలు నకిలీవని వార్నర్ మీడియా చేయించిన పరిశీలనలో తేలినట్టు 2022 జులైలో ‘రోలింగ్ స్టోన్’ రాసింది. సినిమాలకు రేటింగులిచ్చే సైటు రాటెన్ టొమాటోస్ 2019లో ‘కెప్టెన్ మార్వెల్’ సినిమా మీద జరిగిన దాడి దెబ్బకు, విడుదలకు ముందే వచ్చిపడే మాటలను మూసేసి, టికెట్ కొన్నట్టు రుజువున్నవాళ్ల రేటింగును విడిగా చూపడం మొదలుపెట్టిందీ ఇందుకే. కాబట్టి అక్కడ చూడాల్సింది మొత్తం ప్రేక్షకుల అంకె కాదు, ధ్రువీకరించినవాళ్ల అంకె. రెండింటి మధ్య తేడా మరీ ఎక్కువుంటే ఎవరో పనిగట్టుకుని కొడుతున్నారని అనుమానించవచ్చు. ప్రేక్షకులను అడిగి గ్రేడు ఇచ్చే సినిమాస్కోర్ కూడా ఇక్కడ పనికిరాదు. తొలిరోజు గేటు దగ్గర అడుగుతారు, తొలిరోజు వచ్చేది వీరాభిమానులే. స్నైడర్ 2013లో తీసిన ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’కూ ఈ సినిమాకూ వచ్చిన గ్రేడు ఒకటే: ఏ మైనస్.

తెలుగు ట్రేడ్ లెక్కలు తెలిసినవాళ్లకు ఓపెనింగ్స్ అభిమానులవి, రన్ మౌత్ టాక్‌ది అని వేరే చెప్పక్కర్లేదు. మొత్తం వసూళ్లను తొలి వారాంతంతో భాగిస్తే చాలు. అమెరికా, కెనడాల్లో స్నైడర్ తీసిన ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’ 16.6 కోట్ల డాలర్లతో మొదలై 33 కోట్ల దగ్గర ఆగింది, అంటే రెండు రెట్లు. ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ 11.6 నుంచి 29కి వెళ్లింది, రెండున్నర రెట్లు. గన్ సినిమా 12.5తో మొదలై 35 కోట్లు దాటింది, 2.8 రెట్లు. రెండో వారాంతంలో పడిపోయింది చూసినా వరుస అదే: 69 శాతం, 65 శాతం, 53 శాతం. అమెరికా బయట మాత్రం గన్ చతికిలపడ్డాడు. ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ అక్కడ 37 కోట్లు దాటితే ఇది 26 కోట్ల దగ్గరే నిలిచింది. స్నైడర్ అభిమానులు ఈ అంకెను పట్టుకుని ఊపుతున్నారు, ఊపనివ్వండి. జోర్‌-ఎల్ విషయంలో జనం మనసు విరిగి ఉంటే మొదట పడిపోవాల్సింది అతనెవరో బాగా తెలిసిన అమెరికాలో.

స్నైడర్, గన్ అభిమానుల శిబిరాలు రెండూ ఒకే తాను ముక్కలని కూడా చెప్పాలి. ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’లో సూపర్‌మ్యాన్‌గా హెన్రీ కావిల్ విలన్ జాడ్ మెడ విరిచినప్పుడు ‘సూపర్‌మ్యాన్ చంపడు’ అని ఇప్పటి గన్ అభిమానులు గొంతు చించుకున్నారు. 1988లో బర్న్ కామిక్‌లోనే సూపర్‌మ్యాన్ జాడ్‌ను, మరో ఇద్దరిని క్రిప్టోనైట్‌తో చంపాడు. అక్కడా కామిక్స్ పేరు వాడుకున్నారే తప్ప తెరిచి చూసినవాళ్లు తక్కువ.

ద్రోహం అన్న మాటకు నిజంగా తగిన కథ ఒకటుంది, దాని కోసం మాత్రం ఎవరూ హ్యాష్‌ట్యాగ్ పెట్టరు. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ వలస కుటుంబాల పిల్లలు. 1938లో సూపర్‌మ్యాన్ హక్కులన్నీ 130 డాలర్లకు రాసిచ్చేశారు, ఆ సొమ్మూ ఇద్దరూ పంచుకున్నారు. 1947లో కోర్టుకెళితే ఉన్న పనీ పోయింది, కామిక్స్ మీద పేర్లూ పోయాయి. 1975లో సినిమా వార్త విని సీగెల్ పత్రికలకెక్కాకే, చూపు మందగించిన షుస్టర్‌కూ అతనికీ ఏడాదికి చెరి 20 వేల డాలర్లు, ‘సృష్టికర్తలు’ అన్న గుర్తింపు దక్కాయి. బ్రిటన్, కెనడా వంటి దేశాల్లో హక్కులు తమవేనంటూ షుస్టర్ వారసత్వం తరఫున 2025 జనవరిలో కేసు పడింది. ఆ కోర్టుకు విచారణ పరిధి లేదని ఏప్రిల్‌లో కొట్టేశారు. చెడ్డీ రంగు మీద ఏళ్ల తరబడి కొట్టుకుంటున్న అభిమాన సంఘాలు ఆ వార్తను ఎన్ని రోజులు పట్టించుకున్నాయి?

అమెరికాలో ఆ తొలి సంచిక మీద కాపీరైట్ 2034 జనవరి 1న తొలగిపోతుంది. ఆరోజు అందరి సొత్తయ్యేది ఎగరలేని, క్రిప్టోనైట్ ఎరగని, కన్నతండ్రి పేరు తెలియని ఆ అనాథ పిల్లాడే. మిగతావన్నీ అవి అచ్చయిన ఏళ్లను బట్టి ఒక్కొక్కటిగా విడుదలవుతాయి.