టెంటులో కరెంటు ఉందంటారు సరే, ఆర్‌సీసీబీ ఉందా?

సంక్రాంతి సెలవులు దగ్గర పడితే చాలు, గండికోట టెంట్ల ఫోటోలు ఫోన్ నిండా వచ్చి పడతాయి. లోయ అంచు, కింద పెన్నా, వరసగా రంగురంగుల టెంట్లు. కింద ఒక లైను: "లైటు, ఫ్యాను, ఛార్జింగ్ సౌకర్యం కలదు." ప్రొద్దుటూరులో మోటార్లు రివైండింగ్ చేసుకుని బతికే నాకు ఆ లైను చూస్తేనే టెన్షన్. ఆ ఛార్జింగ్ పాయింట్ వెనక ఏముందో ఎవరూ ఫోటో పెట్టరు కాబట్టి. కరెంటు ఎక్కడైనా కారితే వెంటనే సప్లై తెంపే ఆర్‌సీసీబీ అనే స్విచ్ ఉందో లేదో అసలే తెలియదు.

ఏముంటుందో నేను చెప్తా. అందరూ ఇలాగే చేస్తారని అనను, శ్రద్ధగా పెట్టినవాళ్లూ ఉన్నారు. ఇక్కడనే కాదు, ఎక్కడ టెంట్లు వేసినా ఎక్కువగా నా కంటపడేది మాత్రం ఇదీ: షెడ్డులో ఒక సాకెట్. దాంట్లో ప్లగ్గు ఉండదు. రెండు వైరు కొనలు దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చి ఉంటాయి. అక్కడి నుంచి పెళ్లి పందిరికి సీరియల్ లైట్లు కట్టే సన్న వైరు బండల మీదుగా, కంపచెట్ల మీదుగా, జనం నడిచే దారికి అడ్డంగా టెంటు దాకా పోతుంది. అతుకు పడిన ప్రతిచోటా నల్ల టేపు. ఎండలకు జిగురు పోయి అది సగం విడిపోయి ఉంటుంది. చివర టెంటు లోపల, చాప పక్కన, నేల మీదే ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు. దానికి మూడో రంధ్రం ఉంటుంది గానీ లోపల ఎర్త్ ఉండదు. ఉండటానికి, వచ్చినవి రెండు వైర్లే కదా.

అడిగితే జవాబు సిద్ధం: "ఏం కాదులే అన్నా, ఎంసీబీ ఉంది."

నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఎంసీబీ అంటే కరెంటు పరిమితి దాటితే మీట కిందికి పడి సప్లై ఆపే స్విచ్. అది కాపాడేది వైరును. మనిషిని కాదు. లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా వైరు కాలిపోకుండా అది ఆపేస్తుంది, దాని పని అంతే. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియర్లు అక్కర్లేదు, ముప్పై మిల్లీ ఆంపియర్లు దాటి ఒంట్లో పారితేనే ప్రమాదంలో పడ్డట్టు. చేతులు తడిగా ఉండి, చెప్పుల్లేకుండా తడి నేల మీద నిలబడితే ఒంటి రెసిస్టెన్స్ వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోవచ్చు. మన సప్లై 230 ఓల్టులు. వెయ్యితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు, అంటే పావు ఆంపియర్ కూడా కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ దృష్టిలో అది ఎవరో యాభై వాట్ల బల్బు వేసినట్టే. మనిషి పోతాడు, ఎంసీబీ పైకే ఉంటుంది.

ఇంకొందరు "ఎర్త్ రాడ్డు కూడా కొట్టాం" అంటారు. కొట్టారు సరే, ఎందులో కొట్టారు? గండికోటలో నేలంటే ఎర్ర బండ. రాడ్డు చాలాచోట్ల అడుగు కూడా దిగదు, దిగినా కింద తేమ ఉండదు. మన జిల్లాల్లో ఇళ్ల దగ్గరే గుంత తీసి, బొగ్గూ ఉప్పూ వేసి, ఎండాకాలమంతా బిందెలతో నీళ్లు పోసి ఎర్తింగ్‌ను కాపాడుకుంటాం. అనంతపురం వైపు వాన తక్కువ నేలల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. అలాంటిచోట కొట్టిన రాడ్డు రెసిస్టెన్స్ వంద ఓమ్‌లు ఉందనుకోండి. టెంటు ఇనుప పైపుకు వైరు ఒరుసుకుని ఫేజు, అంటే కరెంటు వచ్చే తీగ, తగిలింది. ఆ రాడ్డు గుండా భూమిలోకి పోయేది 2.3 ఆంపియర్లు. ఎంసీబీ పడదు. పైపులో కరెంటు అలాగే ఉంటుంది, ఎవరో ఒకరు దాన్ని పట్టుకునేదాకా.

అందుకే ఆర్‌సీసీబీ. గల్లాపెట్టె లెక్కలాంటిదే ఇది: ఫేజులో పోయినంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలి. రాలేదంటే మధ్యలో ఎక్కడో కారిపోతున్నట్టు, బహుశా ఎవరి ఒంట్లోంచో. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సెకనులో మూడో వంతు కాకముందే సప్లై తెంపేస్తుంది. తేడా పెద్దదైతే ఇంకా వేగంగా. పైన చెప్పిన బండనేల మీది రాడ్డు కూడా దీంతో కలిస్తే పనికొస్తుంది, ఎందుకంటే దీనికి ఆ 2.3 ఆంపియర్లు చాలా పెద్ద తేడా. మనిషి పైపును ముట్టుకోకముందే పడిపోతుంది.

షాపుకు పోయినప్పుడు చూసి తీసుకోండి. 100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడా అమ్ముతారు, అవి మనిషిని కాపాడేవి కావు. మీద 30 అని ఉండాలి. ఎంసీబీ తీసేసి దీన్ని పెట్టడం కాదు, రెండూ ఉండాలి. రెండు పనులూ ఒకే దాంట్లో చేసే ఆర్‌సీబీఓలూ దొరుకుతాయి. అలాగని ఇది దేవుడేం కాదు. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే పోయినంతా తిరిగి వస్తోంది కాబట్టి దానికి తేడా తెలియదు. అతుకులు బయట కనబడే వైరుకు ఆర్‌సీసీబీ పెట్టి నిశ్చింతగా పడుకోవడం కుదరదు.

ఒకచోట టెంట్లు నడిపే అతను చెప్పిన మాట ఇంకా గుర్తుంది. ఆర్‌సీసీబీ పెట్టాం అన్నా, మంచు పడిన రాత్రి మాటిమాటికీ పడిపోతోందని తీసేశాం అన్నాడు. నాయనా, అది పాడై పడిపోలేదు. నీ వైర్లలోకి తడి పోయి కరెంటు కారుతోందని చెప్తోంది. చెప్పినదాన్నే పీకి పారేస్తే ఎట్లా?

లండన్ దగ్గర ఉద్యోగం చేసే మా చిన్నాన్న కొడుకు ఒకసారి అక్కడి క్యాంప్ సైట్ వీడియో పంపించాడు. టెంట్లు వేసే జాగా పక్కనే చిన్న స్తంభం, దానికి మూతలున్న నీలం రంగు సాకెట్లు. మూడు పిన్నుల నీలం ప్లగ్గు, 16 ఆంపియర్లది. వాన చినుకులు పడినా లోపలికి నీళ్లు పోని తయారీ. అక్కడి నుంచి టెంటుకు ఒకే ముక్కగా రబ్బరు తొడుగున్న మూడు కోర్ల కేబుల్, రెండున్నర స్క్వేర్ ఎమ్మెమ్‌ది, పాతిక మీటర్లు. టెంటు లోపల ఒక చిన్న పెట్టె, అందులో ఆర్‌సీడీ (మన ఆర్‌సీసీబీయే), ఎంసీబీ, రెండు మూడు సాకెట్లు. స్తంభం దగ్గర కూడా రక్షణ ఉంటుంది, అయినా పెట్టెలో ఇంకోటి. వాళ్లేదో ఆకాశంలోంచి తెచ్చిన సామాను కాదిది. ఆ నీలం ప్లగ్గును మన షాపుల్లో ఇండస్ట్రియల్ ప్లగ్గు అంటే ఇస్తారు. ఇలాంటి పెట్టెను ఇక్కడ ఏ ఎలక్ట్రీషియనైనా ఒక పూటలో బిగిస్తాడు.

వాడు చెప్పినవాటిలో నాకు నచ్చిన అలవాటు ఒకటుంది. ముందు కేబుల్‌ను టెంటు వైపు పెట్టెకు తగిలిస్తారు, ఆ తర్వాతే స్తంభం దగ్గర ప్లగ్గు. తీసేటప్పుడు ముందు స్తంభం దగ్గర తీస్తారు. అప్పుడు చేతిలో ఉన్న కొనలో కరెంటు ఉండే ప్రశ్నే లేదు. కేబుల్ మిగిలిందని చుట్టచుట్టి పెట్టరు కూడా. చుట్టలో వేడి బయటికి పోదు, లోడు ఎక్కువ లాగితే పైతొడుగు కరుగుతుంది. మనవాళ్లు చుట్ట మీద టవలు ఆరేస్తారు.

లోడు సంగతి కూడా చెప్పాలి. ఫోనుకూ, ఎల్ఈడీ బల్బుకూ పోయేది ఏ మూలకు? అసలు గొడవ కెటిల్‌తో, ఇండక్షన్ పొయ్యితో. 1500 వాట్ల కెటిల్ ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. 2000 వాట్ల పొయ్యి తొమ్మిదికి కాస్త తక్కువ. సీరియల్ లైట్ల వైరు మీద మ్యాగీ వండుతామంటే వైరు ఉడుకుతుంది. ఎంసీబీ మాత్రం 16 దాటలేదు కదా అని ఊరుకుంటుంది.

వైరు టెంటులోకి వచ్చే చోట కిందికి కాస్త వంపు వదిలితే నీళ్లు వైరు వెంట లోపలికి రాకుండా అక్కడే కారిపోతాయి. బాక్సు నేల మీద కాకుండా స్టూలు మీద ఉండాలి. అతుక్కి పాలిథిన్ కవరు చుడితే భద్రం అనుకుంటారు, అది లోపలి తడిని బయటికి పోనివ్వదు. ఇక 11 కేవీ (పదకొండు వేల ఓల్టుల) లైను కింద టెంటు వేయకూడదని కూడా చెప్పాలా? చెప్పాలి, వేసినవాళ్లను చూశాను. ఇంకోటి, కరెంటు లేదు కదా అని చలికి నిప్పుల కుంపటి టెంటులో పెట్టుకోవద్దు, జనరేటర్ టెంటు పక్కన ఆనించొద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే పోతారు.

"ఇన్నేళ్లలో ఎవరికీ ఏం కాలేదు కదా" అనేవాళ్లకు ఒక మాట. తడి మడిలో నిలబడి బోరు స్టార్టర్ పెట్టె ముట్టుకుని పోయిన రైతుల వార్తలు మన పేపర్ల జిల్లా పేజీల్లో చూడనివాళ్లు ఉన్నారా? అదే 230, అదే తడి, అదే చెప్పుల్లేని కాళ్లు. వినాయక చవితి మండపాల ఇనుప పైపులకూ ఇదే కథ.

అసలు టెంటులోకి 230 ఓల్టులు ఎవరికి కావాలి? ఒక రాత్రికి ఫోనుకు పవర్ బ్యాంకు చాలు. లైటుకు ఛార్జింగ్ లాంతరు, ఉక్కగా ఉంటే ఛార్జింగ్ ఫ్యాను. ఐదు ఓల్టులతో ఎవరికీ షాక్ కొట్టదు. నన్నడిగితే నూటికి తొంభై మందికి ఇదే సరైనది. ఛార్జింగ్ పాయింట్లు ఆఫీసు రూములో పెడితే సరిపోతుంది. నిద్రలో ఊపిరి ఇబ్బందికి మెషిన్ పెట్టుకునేవాళ్లలాంటి కొందరికి నిజంగానే కరెంటు అవసరం. వాళ్లకోసం తీస్తే పద్ధతిగా తీయండి, లేదంటే అసలు తీయొద్దు.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒక్కోటి రెండు, మూడు వేల లోపే వస్తుంది. టెంట్లు నడిపే అన్నలు అద్దె మీద యాభై ఎక్కువ తీసుకోండి, ఎవరూ కాదనరు. ఇక టెంటు బుక్ చేసుకునేవాళ్లు బాత్రూమ్ ఎట్లుంది, బిర్యానీ దొరుకుతుందా అని పది ప్రశ్నలు అడుగుతారు కదా, పదకొండోది ఆర్‌సీసీబీ ఉందా అని అడగండి. వెళ్లాక మెయిన్ పెట్టె తీయించి, ఆర్‌సీసీబీ మీద 'టి' అని ఉండే టెస్ట్ బటన్ వాళ్లతోనే నొక్కించండి. టప్‌మని పడి లైట్లు పోతే అడ్వాన్సు పోను మిగతాది కట్టండి. పడకపోతే టెంటు తీసుకోండి గానీ, ఆ వైరు మాత్రం షెడ్డు దగ్గరే పీకేయించండి.