సంచిక నంబరు గారి దివ్యసముఖానికి

ముఖచిత్రం పై మూలన, ధరకు పొరుగున కొలువుదీరిన శ్రీ సంచిక నంబరు గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమమే కానీ నా నడుము క్షేమం కాదు. మూడు ఆదివారాలుగా తొమ్మిది పొడవాటి అట్టపెట్టెలను గోడవార నుంచి గది నడిమికి ఈడుస్తున్నాను. ఒక్కో పెట్టెలో రెండు వందలకు పైగా కామిక్స్, ఒక్కోటి ఇరవై కిలోల పైమాటే. అన్నీ కలిపి 2,046. నిన్న రాత్రికి అవి పదిహేడుకు దిగాయి. ఆ పదిహేడింటిని ఎంచడంలో తమరి సలహా తీసుకోలేదని మర్యాదగా తెలియజేసుకోవడానికే ఈ ఉత్తరం.

తమరు నొచ్చుకుంటారని తెలుసు. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో ఏ కామిక్ అడుగు పెట్టినా తమరి సిఫారసు మీదే కదా పెట్టింది. నేను కథలు కొంటున్నాననుకున్నాను, కొన్నది అంకెలను. 46 ఉంది కనుక 47 రావాలి. 47 వచ్చాక పాపం 48ని వీధిలో నిలబెడతామా? ఒక సిరీస్ మీద 60వ సంచికతోనే నాకు మనసు విరిగింది. రచయిత మారాడు, హీరోకు మతిమరుపు వచ్చింది, చచ్చిన విలన్ మూడోసారి లేచి కూర్చున్నాడు. అయినా 131 దాకా కొన్నాను. డెబ్బై ఒక్క నెలలు, అంటే దాదాపు ఆరేళ్లు, నచ్చని కథకు నెలనెలా కప్పం కట్టాను. దాన్ని నలుగురిలో అభిరుచి అని చెప్పుకున్నాను కూడా.

ఇక 112 సంగతి. తమరికి గుర్తుండే ఉంటుంది.

ఇంకో సిరీస్‌లో నా దగ్గర 1 నుంచి 187 దాకా ఉండేవి, ఆ ఒక్కటి తప్ప. పన్ను ఊడిన చోటికే నాలుక పోయినట్టు, పెట్టె తెరిస్తే చాలు, వేలు 111కీ 113కీ మధ్య సందులోకే పోయేది. పాత పుస్తకాల దుకాణం ఎక్కడ కనబడినా దూరేవాడిని. చుట్టాల ఇంటికి వెళితే మనుషులను పలకరించకముందే అటక వైపు చూసేవాడిని. తొమ్మిదేళ్లకు దొరికింది. ఇంటికి తెచ్చి, ప్లాస్టిక్ కవరులో వేసి, వెనక అట్టముక్క పెట్టి, ఆ సందులోకి దింపాను. గడియ పడినట్టు సన్నని చప్పుడు. ఆ రాత్రి పట్టినంత నిద్ర నాకు మళ్లీ పట్టలేదు.

మొన్నటి ఆదివారం దాన్ని మొదటిసారి చదివాను. అవును, మొదటిసారే. కవరు మూతకున్న టేపు విప్పుతుంటే అది ముఖచిత్రానికి అంటుకుని, హీరో చెవి దగ్గర గోరంత రంగు ఊడదీసుకుని మరీ వచ్చింది. లోపల ఎప్పుడూ బొమ్మలు వేసే చిత్రకారుడు లేడు. గడువు ముంచుకొస్తే ఎవరినో పట్టుకొచ్చి వేయించినట్టుంది, ఏ బొమ్మలో చూసినా మనుషుల వెనక గోడ బోడిగా ఉంది. హీరో మూడు పేజీల్లో కనిపిస్తాడు, అందులో రెండింటిలో నిద్రపోతూ ఉంటాడు. అవన్నీ సర్దుకుపోవచ్చు. కానీ చిన్నప్పుడు 111 ముగించి నేరుగా 113 చదివిన రోజున, మధ్యలో ఏదో జరిగి ఉంటుందన్న అనుమానమే నాకు రాలేదు. కథ ఎక్కడా తెగలేదు. వెలితి ఉన్నది పెట్టెలో. అది నా తొమ్మిదేళ్లు తినేసింది.

పోనీ తమరైనా మాట మీద నిలబడే మనిషా అని వంశచరిత్ర తిరగేశాను. తిరగేయకుండా ఉండాల్సింది.

1940లు, 50లలో అమెరికాలో కొత్త పేరుతో పత్రిక పెడితే తపాలా రాయితీకి మళ్లీ రుసుము కట్టాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి ప్రచురణకర్తలు పాత పత్రిక పేరు మార్చేసి, తమరిని మాత్రం ఉన్నవారిని ఉన్నట్టు కొనసాగించేవారు. "మూన్ గర్ల్" అనే వీరవనిత కామిక్ అలా ప్రేమకథల పత్రికగా మారి, 1950 నాటికి "వియర్డ్ ఫాంటసీ" అనే సైన్స్ ఫిక్షన్ పత్రికగా తేలింది. దాని మొట్టమొదటి సంచిక మీద తమరు 13 వేషంలో ఉన్నారు. 1962లో స్పైడర్‌మ్యాన్ లోకానికి తొలిసారి కనిపించింది 15వ సంచికలో, అదీ మూతపడుతున్న పత్రిక ఆఖరి సంచికలో. వాడి కథకు తమరి 1తో అవసరమే పడలేదు.

తర్వాత 1కి గిరాకీ ఉందని ఎవరో కనిపెట్టారు. ఇక తమరికి పట్టపగ్గాలు లేవు. 1938లో సూపర్‌మ్యాన్‌తో మొదలైన "యాక్షన్ కామిక్స్" బుద్ధిగా లెక్కపెట్టుకుంటూ 904 దాకా వచ్చింది. 2011లో డీసీ సంస్థ దాన్ని, దానితో కలిపి మొత్తం 52 సిరీస్‌లను 1 నుంచి మొదలుపెట్టింది. డెబ్బై మూడేళ్ల పెద్దాయనను ఉయ్యాలలో పడుకోబెట్టారన్నమాట. అలా 52 దాకా లెక్కపెట్టారు. తర్వాత 53 రావాలి కదా? 2016లో 957 వచ్చింది! సన్యాసుల్లో కలిసిన మనిషి ఐదేళ్లకు తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు తన పాత కుర్చీలోనే కూర్చున్నట్టుంది వ్యవహారం. 2018లో వెయ్యి చేరారట, అభినందనలు.

అక్కడితో ఆగినా బాగుండేది. 1994లో ఒక నెల డీసీవారు తమ సిరీస్‌ల మీద సున్నా వేశారు. 1997లో మార్వెల్‌వారు మైనస్ 1 వేశారు. 1998లో మళ్లీ డీసీవారు, ఎందుకు తగ్గాలనుకున్నారో ఏమో, 10,00,000 వేశారు. సున్నకు సున్న, హళ్లికి హళ్లి. మైనస్ 1ని సున్నాకు ముందు పెట్టాలా, వచ్చిన నెలను బట్టి మధ్యలో పెట్టాలా అని ఒక సాయంత్రమంతా నేలమీద కూర్చుని మథనపడిన మనిషిని నేను. పది లక్షల సంచిక చేతికొచ్చిన రాత్రి, మధ్యలో ఇంకా ఎన్ని కొనాలో కాగితం మీద తీసివేత వేయబోతుంటే మా ఆవిడ దీపం ఆర్పేసింది.

రెండో ఆదివారం పాత కామిక్స్ కొనే ఆయనను పిలిచాను. తమరికి నిజమైన భక్తుడంటే ఆయనే. కుర్చీలో కూర్చోకుండానే పెట్టె మూత తీసి, రెండు వేళ్లతో అంచులు జరుపుకుంటూ పోయారు, బ్యాంకులో నోట్లు లెక్కపెట్టినట్టు. రెండు వేల ముఖచిత్రాల్లో ఒక్క బొమ్మ కూడా చూడలేదు, మూలన తమరినే చూశారు. ఆరుచోట్ల ఆగారు, నాలుగు పక్కన పెట్టుకున్నారు. నేను గొంతు సవరించుకుని, విడిగా దాచిన ఐదు కవర్లూ బయటికి తీశాను. 1991 నాటి "ఎక్స్‌-మెన్" 1వ సంచిక. దానికి ముఖచిత్రాలు ఐదు రకాలు. నాలుగింటిని పక్కపక్కన పెడితే ఒకే పెద్ద బొమ్మ అవుతుంది, ఐదోదానికి ఆ బొమ్మంతా మడతలు విప్పుకునే అట్టగా ఉంటుంది. కథ అన్నిటిలోనూ ఒకటే. ఒకే కథను ఐదుసార్లు కొన్నాను, పిల్లల చదువులకు అక్కరకొస్తుందన్న దూరదృష్టితో.

ఆయన చిన్నగా నవ్వారు. "ఇవి మా దగ్గర చాలానే ఉన్నాయండీ. తడి తగలకుండా మంచి పెట్టెల అడుగున వేస్తుంటాం."

తప్పు ఆయనది కాదు. ఆ సంచిక ప్రతులు 80 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. 1938 నాటి "యాక్షన్ కామిక్స్" 1 ఎందుకంత అపురూపమైంది? పది సెంట్లు పెట్టి కొన్న పిల్లలు చదివి, చింపి, పారేశారు గనుక. యుద్ధకాలంలో పాత కాగితాల సేకరణకు కామిక్స్ కట్టలు కట్టలుగా పోయాయి గనుక. ఎవరూ దాచలేదు గనుక విలువ పెరిగింది. అది చూసి మాలాంటివాళ్లం లక్షలమంది ఏకగ్రీవంగా దాచాం. అందరి ఇంట్లోనూ నిక్షేపంలా ఉన్న నిధిని ఎవరు కొంటారు?

గ్రేడింగు అని తమరికి ఒక దూరపు బంధువు ఉన్నాడు, పదికి మార్కులు వేస్తాడు, దశాంశాలతో సహా. 9.8 వచ్చిన పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూసేస్తారు. ఇక దాన్ని తెరిచి చదివితే ఆ మార్కులు చెల్లవు. పుస్తకం పరీక్షలో నెగ్గడానికి ఎవరూ చదవకపోవడమే అర్హతన్నమాట. ఆ బంధువుతో నాకు పరిచయం కలగకముందే డబ్బులైపోయాయి, అదొక అదృష్టం.

సరే, ఆ పదిహేడు ఎలా మిగిలాయంటారా? పద్ధతంటూ ఏమీ లేదు. మొదట చాలా పద్ధతులు అనుకున్నాను, రచయితలవారీగా, చిత్రకారులవారీగా, ఒక్కో సిరీస్‌కు ఒకటి చొప్పున. ప్రతి పద్ధతికీ చివర మళ్లీ తమరే పట్టీ పట్టుకుని నిలబడుతున్నారు. చివరికి అట్ట చూడకుండా, లోపల ఏముందో జ్ఞాపకం ఉన్నవి మాత్రం పేర్లు రాసుకోమని నన్ను నేను అడిగాను. రెండు వేల నలభై ఆరింటిలో జ్ఞాపకం వచ్చినవి ఇరవై మూడు. తీసి చదివితే ఆరింటిని నేను తప్పుగా గుర్తుపెట్టుకున్నానని తేలింది. నా జ్ఞాపకంలోని కథే మెరుగ్గా ఉంది, కాబట్టి వాటిని పంపించేశాను.

మిగిలినవాటిలో ఒకదాని నిండా వాన. నాలుగు పేజీలు ఎవరూ ఒక్క మాట మాట్లాడరు, ఒకామె బస్సు కోసం ఎదురుచూస్తుంటుంది, హీరో ఎదుటి మేడ మీద తడుస్తూ ఉంటాడు. పిన్నులు తుప్పుపట్టి వాటి చుట్టూ గోధుమరంగు వలయాలు లేచాయి. కాగితం అంచుల నుంచి లోపలికి పసుపెక్కుతోంది. ఇంకా ఆ వాన దాకా రాలేదు. ఇంకొకటి నేనూ తమ్ముడూ చెరో వైపు లాగితే నిలువునా చిరిగింది. కుడి సగం వాడి దగ్గర, ఎడమ సగం నా దగ్గర కొన్నాళ్లు ఉంది. సగం సగం మాటలతో ఆ కథను మేం చెరొక రకంగా పూరించుకున్నాం. సంధి కుదిరాక అంటించిన టేపు ఇప్పుడు బెల్లంరంగు తిరిగి, జిగురు అవతలి పేజీలోకి దిగింది. ఆ కొనుగోలుదారు దాన్ని చూసి కళ్లు మూసుకున్నారు.

పదిహేడోదానికి అట్ట లేదు. మొదటి కాగితమూ లేదు. తెరిస్తే హీరో అప్పటికే ఆకాశంలోంచి పడుతూ ఉంటాడు. ఎవరు తోశారో, తనే దూకాడో, ఇది ఎన్నో సంచికో నాకు తెలియదు. ఇప్పుడైతే వెతికి కనుక్కోవడం ఐదు నిమిషాల పని. 112 కోసం తొమ్మిదేళ్లు తిరిగినవాడిని దీని కోసం ఒక్కనాడూ వెతకలేదెందుకో! చిన్నప్పటి నుంచీ వాడు పడుతూనే ఉన్నాడు, నాకు బాగానే ఉంది.

తమరి ఋణానుబంధం ఇంతటితో తీరిందని మనవి.

ఇట్లు,
తమరి మాజీ భక్తుడు

తా.క. నిన్న రాత్రి పదిహేడింటినీ అరలో పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఎడమ నుంచి కుడికి 4, 19, 31, 88, 143... వరుస ఎక్కడా తప్పలేదు. చీకట్లో ఎప్పుడు అలా సర్దానో గుర్తులేదు. అట్ట లేనిది మాత్రం మిగతా పదహారింటి మీదా అడ్డంగా పడుకుని ఉంది.