సగటు సముద్ర మట్టం గారికి మోటు నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ సగటు సముద్ర మట్టం గారి సముఖానికి,

ఒడిశా రాష్ట్రం, మల్కన్‌గిరి జిల్లా, మోటు గ్రామ కాపురస్తుడు అనేక నమస్కారాలతో విన్నవించుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడుగుదామంటే తమరు ఎక్కడుంటారో, అసలు ఉన్నారో లేరో తేల్చి చెప్పేవారు దొరకలేదు. అయినా ఈ అర్జీ రాయక తప్పడం లేదు. శబరి, సీలేరు కలిసే ఈ మూలన మా మీద పెత్తనం చేసేవారు చాలామందే ఉన్నారు. ఒడ్డున నిలబడితే ఛత్తీస్‌గఢ్ కనిపిస్తుంది, ఆంధ్ర కనిపిస్తుంది, కాళ్ళ కింద ఒడిశా ఉంటుంది. మూడు ప్రభుత్వాల అధికారులూ ఎప్పుడో ఒకప్పుడు జీపు దిగి మొహం చూపించిపోతారు. ఒక్కసారి కూడా రాకుండా, ఒక్క సంతకమైనా పెట్టకుండా, ఎత్తులన్నిటి లెక్కకూ తానే సున్నాగా ఉండి మా ఇళ్ళ రాత రాసే అధికారి మాత్రం తమరొక్కరే.

పొద్దున్నే టీ కొట్టు దగ్గర తెలుగు పేపరు తెరిస్తే తమరి దర్బారే. మా వైపు జలాశయాల పూర్తిస్థాయి నీటిమట్టాలు: జోలాపుట్ 2750 అడుగులు, డుడుమ 2590, బలిమెల 1516, డొంకరాయి 1037. మొన్న ఒక కుర్రవాడు ఆ వార్త చదివి, "మాస్టారూ, బలిమెలలో పదిహేను వందల అడుగుల లోతు నీళ్ళుంటే ఆ గోడ ఎలా ఆగిందండీ?" అని అడిగాడు. వాడిని తప్పుపట్టలేం. ఆ అంకె ఎక్కడినుంచి లెక్కపెట్టారో పేపరు చెప్పదు. శ్రీశైలం 885, సాగర్ 590 అని తెలుగువాళ్ళందరం తిథివార నక్షత్రాల్లా వల్లిస్తాం కదా! నాగార్జునసాగర్ డ్యాం పునాది నుంచి చూసినా నాలుగు వందల అడుగుల పైచిలుకే. మిగిలిన అడుగులన్నీ డ్యాం పాదం దగ్గరినుంచి కిందికి, ఎక్కడో బంగాళాఖాతంలో కూర్చున్న తమరి దాకా ఉన్న రాయీ మట్టీ. నీళ్ళ లెక్కలో మట్టిని కలిపి చూపించే విద్య పాలవాళ్ళకు కూడా తెలియదు.

సరే, అంకె అంకెలాగే ఉంటే మాకేం బాధ లేదు. కానీ మా జిల్లాలో ఆ 1516 అనేది పేపర్లో చదివి మరిచిపోయే అంకె కాదు. చిత్రకొండ వైపు బలిమెల జలాశయం ఆ గీత దాకా నిండేసరికి అవతలి గ్రామాలు నీళ్ళ మధ్య చిక్కుకున్నాయి. 151 గ్రామాల ఆ ప్రాంతానికి సర్కారు పెట్టిన పేరు 'కటాఫ్ ఏరియా'. కొన్ని దశాబ్దాలు వాళ్ళకు లాంచీయే రోడ్డు, పడవే అంబులెన్సు. 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018 జూలైలో తెరిచేదాకా అంతే. గీత అడుగు కిందికి గీసి ఉంటే ఎవరు మిగిలేవారో, అడుగు పైకి గీసి ఉంటే ఇంకెవరు పోయేవారో తమరికి పట్టదు. తమరి పని సున్నా దగ్గర కూర్చోవడం వరకే.

ఆ సున్నా దగ్గరైనా తమరు కూర్చుంటారా అంటే అదీ లేదు. విశాఖ రేవులో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. మార్చి నెలలో సముద్రం దిగువకు జారుతుంది, వర్షాలు తగ్గి అక్టోబరు, నవంబరు వచ్చేసరికి ఎగువకు లేస్తుంది. చంద్రుడి కక్ష్య వంపు దిశ మారుతూ 18.6 ఏళ్ళకోసారి ఒక చుట్టు పూర్తిచేసుకుంటుంది కాబట్టి, ఆ వంకర కూడా కొట్టుకుపోవాలంటే గంటగంటకీ నీటి ఎత్తు రాసి పందొమ్మిదేళ్ళ సగటు తీయాలట. అలా తీస్తే వచ్చేది తమరు. నిజం సముద్రం ఆ ఎత్తును దాటుతూ పోతుందే తప్ప అక్కడ నిలబడదు. హాజరుపట్టీలో రోజూ సంతకం ఉండి, కుర్చీ మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండే ఉద్యోగులు మా వైపు కూడా ఉన్నారు గనుక ఈ పద్ధతి మాకు కొత్త కాదు.

పైగా తమరు ఒక్కరు కాదు. 1909లో దేశమంతటికీ ఎత్తుల లెక్క స్థిరపరిచినప్పుడు తొమ్మిది రేవుల్లో సముద్రాన్ని కొలిచి, ఆ తొమ్మిది సగటులనూ సున్నాగా ప్రకటించారు. కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, మా ఒడిశా తీరాన ఫాల్స్ పాయింట్. సముద్రం ఒకటే కదా, ఎక్కడ కొలిచినా ఒకటే ఎత్తు ఉంటుంది అనుకున్నారు. ఉండదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చిపోసే మంచినీళ్ళ వల్ల బంగాళాఖాతం ఉప్పు తగ్గి పలచన అవుతుంది, పలచని నీరు కాస్త ఎత్తుగా నిలబడుతుంది. గాలులు, ప్రవాహాలు తలోవైపు లాగుతాయి. గోదావరిలో కలిసే నీళ్ళలో మా శబరి నీళ్ళూ ఉన్నాయని మనవి. తమరిని వెంట్రుకవాసి పైకి లేపిన పుణ్యంలో మాకూ వాటా ఉంది. కృతజ్ఞత మాత్రం ఇంతవరకు అందలేదు.

ఇక తీరం నుంచి మా దాకా తమరి ఆజ్ఞ ఎలా వచ్చిందో అదీ ఒక కథ. ఇద్దరు మనుషులు గీతల కర్రలు నిటారుగా పట్టుకుంటారు. మధ్యలో మూడుకాళ్ళ యంత్రం. వెనక కర్ర మీద అంకె చదువుతారు, ముందు కర్ర మీద అంకె చదువుతారు, రెంటి తేడా రాసుకుని యంత్రాన్ని ఎత్తి ముందుకు నడుస్తారు. రేవు నుంచి కనుమలు ఎక్కి దిగి, అలా అడుగులో అడుగు వేస్తూ లోపలికి రావడమే. దారిలో అక్కడక్కడ రాతి మీద బాణం గుర్తు, అడ్డగీత చెక్కి వదిలేస్తారు. కలిమెల వెళ్ళే దారిలో ఒక పాత కల్వర్టు మీద అలాంటిదొకటి చూశాను. బాణం మొన అరిగిపోయింది. దాని మీద ఎవరో సున్నంతో ఓట్ల గుర్తు వేశారు. పక్కన కట్టేసిన మేక ఆ రాతికి మెడ రుద్దుకుంటోంది. ఆ మేక నిలబడ్డ చోటు నుంచి తమరి దాకా లెక్క ఉందని దానికి తెలియదు. రాయి ఏమిటని దాని యజమానిని అడిగితే, అడవి శాఖ వాళ్ళ హద్దు అన్నాడు.

ఇప్పటి పిల్లలకు రాళ్ళు అక్కర్లేదు, ఫోను చాలు. టీ కొట్టు కుర్రవాడు ఏదో యాప్ పెట్టుకుని శబరి ఒడ్డున మన ఎత్తెంతో చూశాడు. మైనస్ వచ్చింది! సముద్రం కన్నా కిందికి పోయామని కంగారుపడి ఫోను తలపైకి ఎత్తి చూశాడు, బెంచీ ఎక్కి చూశాడు. అయినా మైనస్సే. తప్పు ఫోనుది కాదు, తమరిది. ఉపగ్రహం భూమిని నున్నటి అండాకారంగా భావించి ఆ నునుపు మీదినుంచి ఎత్తు చెబుతుంది. తమరేమో భూమి ఆకర్షణ ఎటు ఎక్కువైతే అటు ఉబ్బుతారు, ఎటు తక్కువైతే అటు కుంగుతారు. శ్రీలంకకు దక్షిణాన తమరు ఆ నునుపు కన్నా 106 మీటర్లు గుంతలో ఉన్నారట. లోకంలో అంతకన్నా లోతుగా తమరు ఎక్కడా కుంగలేదు. ఆ గుంత వాలు మా దాకా ఉంది. ఇటు కూడా తమరు అరవై మీటర్ల పైచిలుకు కిందనే ఉంటారు. ఆ సవరణ చేయని యాప్‌లో చూస్తే మా ఊరు మునిగినట్టే. కుర్రవాడు యాప్ తీసేశాడు. ముంపు బాధితుల జాబితాలో పేరు ఎక్కుతుందేమోనని కాసేపు ఆశపడ్డాడని నా అనుమానం.

అసలు సంగతికి వస్తాను. పోలవరం పూర్తిస్థాయి నీటిమట్టం 150 అడుగులు. మీటర్లలో 45.72. 1980 నాటి గోదావరి ట్రిబ్యునల్ తీర్పు కాలం నుంచి ఆ అంకె మా నెత్తిన ఉంది. ఇన్నేళ్ళలో ఎన్ని మారాయి! నదికి అవతలి చింతూరు 2014లో ఖమ్మం జిల్లా నుంచి తూర్పు గోదావరికి వెళ్ళింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. 2007లో ఒడిశా సుప్రీంకోర్టు మెట్లెక్కింది. 150 మాత్రం కదల్లేదు. కదలనివ్వండి అని నేను అనను. నా ఫిర్యాదు వేరు.

తమరి గీత బల్లపరుపు. పటం మీద 150 అడుగుల గీత గీస్తే దానికి పైన ఉన్నవాడు బతికాడు, కింద ఉన్నవాడు మునిగాడు అన్నట్టుంటుంది. కానీ వరద బల్లపరుపుగా రాదు. పారే నీటికి వాలు ఉంటుంది. డ్యాం గోడ దగ్గర 150 ఉన్న నీరు ఎగువకు పోయేకొద్దీ అంతకన్నా ఎత్తుగా ఉంటుంది. కూనవరం దగ్గర గోదావరి నిండుగా ఉంటే శబరిని లోపలికి రానివ్వదు, శబరి వెనక్కి తన్ని ఛత్తీస్‌గఢ్‌లోని కుంట ఊరి మీదికి, మా మీదికి ఎక్కుతుంది. ఇది పోలవరం పుట్టకముందు నుంచీ ఉన్న గొడవే. రాష్ట్రాల మధ్య వాదనలో సగం ఈ వెనక్కి తన్నే నీటి గురించే. సముద్రం నుంచి కొలిచిన అంకె కోర్టులో గట్టిగా నిలబడుతుంది, నీళ్ళలో నిలబడదు.

ఆ మధ్య ఒక సర్వే బృందం మా వీధికి వచ్చింది. ఏ శాఖో చెప్పను. ఎరువుల కొట్టు గుమ్మం పక్క గోడ మీద ఎర్ర రంగుతో చిన్న గీత గీసి అంకె వేశారు. అదే గోడ మీద, క్యాలెండరు మేకు కన్నా జానెడు పైన, 2022 జూలై వరద వదిలిన బురద చార ఇంకా ఉంది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా పసుపుపచ్చగా పైకి తేలుతూనే ఉంటుంది. కొట్టు యజమాని రెంటినీ చూసి, "సర్వే బాబూ, బస్తాలు ఏ గీతకు పైన పెట్టుకోమంటారు?" అని అడిగాడు. ఆయన కర్ర మడిచి, "మాకు ఇచ్చిన పని ఇదేనండీ" అని వెళ్ళిపోయారు. పాపం, నిజమే చెప్పారు.

మాకూ ఒక సున్నా ఉందని తమరికి తెలియజేసుకుంటున్నాను. దాని పేరు ఎనభయ్యారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022లో 71.3 దాకా వచ్చి ఆగింది. ఆ అడుగులు తమరి అడుగులు కావు. అక్కడి నీటి కొలబద్దకు దాని సున్నా దానికుంది. 43 అంటే మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. టీవీలో ఆ అంకెలు వినగానే ఇక్కడ ఎవరు ఏ సామాను ఎత్తాలో ఎవరికి వారికి తెలుసు. స్థలం బేరానికి వచ్చినవాడు మొదట అడిగేది, "ఎనభయ్యారుకి పైనా కిందా?" అని. పైన అయితే ఒక ధర, కింద అయితే మరో ధర. 150కి పైనా కిందా అని అడిగేవాడు ఉంటే వాడు నష్టపరిహారం దళారీ అని గుర్తు.

అలాగని తమరిని తీసేయమని కోరను. తమరు లేకపోతే ఇటువాళ్ళు ఇటు మర్రిచెట్టు నుంచి, అటువాళ్ళు అటు గుడి మెట్టు నుంచి కొలుస్తారు. రైన్ నది మీద లౌఫెన్‌బర్గ్ దగ్గర జర్మనీవాళ్ళు, స్విట్జర్లాండువాళ్ళు వంతెన కట్టారు. జర్మనీకి సున్నా ఆమ్‌స్టర్‌డామ్ సముద్రం, స్విస్‌వాళ్ళకు మార్సెయ్ సముద్రం. రెంటికీ 27 సెంటీమీటర్ల తేడా ఉందని ముందే తెలుసు, సరిచేయాలనీ తెలుసు. కూడాల్సిన చోట తీసివేశారు. 2003లో చూసుకుంటే రెండు ఒడ్ల మధ్య 54 సెంటీమీటర్లు తేడా తేలింది. అంత గడియారాలవాళ్ళకే అలా అయితే, శబరి మీద మూడు రాష్ట్రాల ఇంజినీర్లకు మూడు సున్నాలిస్తే ఏమవుతుందో ఊహించడానికి ధైర్యం చాలదు. కనుక తమరి ఉద్యోగం పదిలం.

ఇంకొక్క సందేహం. 1993 నుంచి ఉపగ్రహాలు చూస్తున్నాయి, సముద్రం సగటున ఏడాదికి మూడు మిల్లీమీటర్లకు పైగా లేస్తోంది. తమరి కాగితపు కుర్చీ మాత్రం పాత రేవుల కొలతల దగ్గరే ఉంది. నిజం సముద్రం లేచినట్టు తమరు కూడా లేస్తే, దేవమాలి శిఖరం 1672 మీటర్ల నుంచి అంగుళం కదలకుండానే పొట్టిదవుతుంది. ఒడిశాలోకెల్లా ఎత్తైన కొండ అని కోరాపుట్ వాళ్ళు మా మీద చూపించే డాబు కాస్త తగ్గుతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం తమరు త్వరపడితే సంతోషిస్తాం.

మా కోరిక చిన్నది. ఇకపై మా ప్రాంతంలో తమరి పేరిట ఎక్కడ అంకె వేసినా, రాతి మీద గానీ, గోడ మీద గానీ, పేపర్లో గానీ, పక్కన రెండో అంకె కూడా వేయించండి: ఎనభయ్యారు వరద గీతకు ఇది ఎన్ని అడుగులు పైన, ఎన్ని అడుగులు కింద అని. రంగు ఖర్చు మేమే భరిస్తాం. ఎరువుల కొట్టు యజమాని డబ్బా ఇస్తానన్నాడు.

ఇట్లు,
తమరి కన్నా పైనే ఉన్నానని చెప్పబడుతున్న,
మోటు కాపురస్తుడు

తా.క.: జవాబు జూలైకి ముందే పంపగలరు. తర్వాత 326వ నంబరు జాతీయ రహదారి మీద నీళ్ళుంటాయి. టపా ఆగిపోతుంది. ఆ నీళ్ళు తమరి శాఖవా, గోదావరి శాఖవా అన్నది తేలేసరికి మళ్ళీ జూలై వస్తుంది.