సవరణ: కోబ్రా రెప్లికాలో పెట్రోల్ పంపు గురించి

కోబ్రా రెప్లికాలో (పాత కోబ్రా స్పోర్ట్స్ కారుకు నకలుగా కట్టుకునే కారు) యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే ఇంజిన్ గుక్కపట్టి ఆగిపోతుంటే, ఎక్కువ ప్రెషర్ ఇచ్చే ఎలక్ట్రిక్ పంపు బిగించమని కిందటి పోస్టులో రాశాను. ఆ సలహా తప్పు, ఎవరూ పాటించకండి. హోలీ కంపెనీ తరహా కార్బ్యురేటర్‌కి (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కి అందించే భాగం) సాధారణంగా 6-7 పీఎస్ఐ ప్రెషర్ చాలు. బాగా మించితే, లోపలికొచ్చే పెట్రోలును నీడిల్ వాల్వ్ ఆపలేక, అది నిలవుండే ఫ్లోట్ బౌల్ పొంగి, పెట్రోలు వేడి ఇంజిన్ మీద కారుతుంది. అసలే ఫైబర్‌గ్లాస్ బాడీ, అంటుకుంటే ఆగదు.

ముందు చూడాల్సింది ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారి. కిట్ కార్ల (విడిభాగాలు తెచ్చి సొంతంగా బిగించుకునే కార్ల) వైరింగ్ మాన్యువళ్లు చెప్పేదీ, ఒక ఆటో ఎలక్ట్రీషియన్ నాకు గుర్తుచేసిందీ అదే. ఇనుప బాడీ కారులో కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగొస్తుంది. ఫైబర్‌గ్లాస్‌లో ఆ దారే లేదు. పంపు నెగటివ్ వైరు ఛాసిస్‌కి (కారు ఇనుప చట్రానికి) బిగించినా, వైరు కొసన ఉండే రింగ్ టెర్మినల్ కింద పౌడర్ కోటింగ్ (పెయింటు పొర) అలాగే ఉంటే కరెంటు సరిగ్గా పారదు, పంపు నీరసించి ఇంజిన్‌కి పెట్రోలు చాలదు.

పంపు నడుస్తుండగా మల్టీమీటర్ ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది పంపు నెగటివ్‌కి ఆనించండి. సున్నాకి దగ్గరగా ఉండాలి. అర వోల్టు దాటితే ఎర్త్ బాగోలేదని అర్థం. పంపు ఆపేసి కొలిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, నేను బోల్తాపడింది అక్కడే. పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద స్టార్ వాషర్ (పళ్లున్న వాషర్) వేసి బిగించండి. బ్యాటరీకి నేరుగా విడి వైరు లాగితే ఇంకా నయం.

పెట్రోల్ గేజీ గురించి అడిగినవారికి: ట్యాంకు నిండుగా ఉంటే ఖాళీ అని, ఖాళీగా ఉంటే నిండు అని చూపిస్తే అది ఎర్త్ గొడవ కాదు. పాత ఫోర్డ్ సెండర్ (ట్యాంకులో మట్టాన్ని కొలిచి గేజీకి చెప్పే భాగం) ఖాళీకి 73 ఓములు, నిండుకు 10. జీఎం రకం ఖాళీకి 0, నిండుకు 90. ఒక రకం సెండర్‌తో ఇంకో రకం గేజీ కలిపి వాడకూడదు.